పగులు నడక – చుక్కల కొలత

మిడుతూరు చుట్టుప్రక్కల నల్లరేగడి చేలలో నడివేసవిని నడచినవారికి భూమి పగుళ్లు క్రొత్త కావు. చేయి దూరునంతటి నెఱ్ఱెలు చేనంతయు అల్లుకొని యుండును. తొలకరి వానలు రెండు గట్టిగా కురిసినచో అవియన్నియు పూడిపోవును. రైతు వానిని చూచి వెఱవడు. ఎండకు ముడుచుకొనుట, తడికి ఉబ్బుట ఆ మట్టి స్వభావమని అతడెఱుగును. అయితే ఆ మట్టిమీదనే మనము ఇండ్లు కట్టుకొనుచున్నాము. బడులు, వంతెనలు, కాలువ తూములు కట్టుచున్నాము. నేల ఏటేట ఊపిరి తీసి విడిచినట్లు కదలుచుండగా, దానిపై నిలిచిన గోడ కదలక యెట్లుండును?

కొంతకాలము క్రిందట ధ్వనిముద్రణ పనిమీద మేము ఆ ప్రాంతమునకు వెళ్లితిమి. ఒక వృద్ధుని యింటి పంచలో కూర్చున్నపుడు గోడపై ఒక వింత కంటబడినది. కిటికీ మూలనుండి ఏటవాలుగా దిగిన పగులొకటి. దానికి అడ్డముగా సిమెంటుతో అంటించిన రెండు అద్దపు ముక్కలు. పైది నడిమికి విరిగియున్నది, క్రిందిది నిలిచియున్నది. రెండింటి ప్రక్కను బొగ్గుతో తేదీలు వ్రాసియున్నవి. ఆ పెద్దాయన నలువది యేండ్లు తాపీపని చేసిన మేస్త్రి.

"ఇదేమి పెద్దాయనా?" అని అడిగితిమి.

"పగులుంటే బయం ల్యాదు సారూ. పగులు నడిస్తేనే బయం. అది నడిస్తే అద్దం పుటుక్కున ఇరుగుతాది. మొదటిది ఇరిగింది. రెండోది నిలిచిందాంక ఆ గదిలో పిల్లోళ్లను పండుకోనియ్యను" అనినాడు.

గోడకావలి గదిలో అదివరకు ఆయన మనుమలు పండుకొనుచుండెడివారట. మేమా మాటను మఱువలేకపోతిమి. కట్టడముల భద్రతను గూర్చిన శాస్త్రమంతయు ఆ రెండు వాక్యములలో ఇమిడియున్నదని పిదప కొన్ని గ్రంథములు చదివినప్పుడు మాకు తోచినది. ఇంజనీర్లు సైతము పగుళ్లను రెండు తెగలుగా విభజింతురు: నిద్రించు పగులు ఒకటి, నడచు పగులు మఱియొకటి. ఏది ఎట్టిదో తెలియవలెనన్న కొలువవలయును. అట్టి కొలతలలో నేడు ప్రపంచమంతట వాడుకలోనికి వచ్చిన ఒక క్రొత్త పద్ధతిని, ఛాయాచిత్రములతో కాంక్రీటు కదలికను కొలుచు పద్ధతిని, శ్రోతలకు పరిచయము చేయుట ఈ ప్రసంగపు ఉద్దేశము. దానిని డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్ అందురు. మన మాటలలో చెప్పవలెనన్న, రెండు చిత్రములను పోల్చి కదలికను పట్టుట.

మొదట కాంక్రీటు స్వభావమును కొంత తెలిసికొందము. సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి గట్టిపడిన ఈ కృత్రిమ శిల ఒత్తిడిని చక్కగా ఓర్చును. లాగుడును మాత్రము ఓర్వదు. దాని లాగుడు బలము ఒత్తిడి బలములో ఇంచుమించు పదవవంతు మాత్రమే. అందుచేతనే లాగుడు పడుచోట ఇనుప కడ్డీలు వేయుదురు. కడ్డీలు లేని కాంక్రీటును సాగదీసినచో ఎంత సాగి పగులునో తెలియునా? సుమారు పదివేలలో ఒక వంతు. అనగా మీటరు పొడవు గల ముక్క 0.1 మిల్లీమీటరు సాగగానే పగులును. అది మన తలవెండ్రుక మందమునకు మించదు.

పగిలినంతమాత్రమున కట్టడము కూలదు. లోపలి ఇనుము భారమును మోయును. మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 456, దాని 2000వ సంవత్సరపు కూర్పు ప్రకారము, సామాన్యముగా 0.3 మిల్లీమీటరు వెడల్పు వఱకు, తడి తగులు చోట్ల 0.2 మిల్లీమీటరు వఱకు పగులును సహించును. అంతకు మించిన పగుళ్లలో నీరు, గాలి దూరి ఇనుమును త్రుప్పు పట్టించును. త్రుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొట్టును. కాబట్టి ఇచ్చట మిల్లీమీటరులో పదవ వంతు, నూఱవ వంతులతో పని. కంటి చూపు చాలదు.

మేస్త్రి అద్దపు ముక్క పాతకాలపు సాధనమే యైనను నమ్మదగినది. అయితే అది ఒక్కటే సంగతి చెప్పును: కదలినదా, లేదా? ఎంత కదలినది, ఏ దిక్కునకు కదలినది అను ప్రశ్నలకు అది బదులీయలేదు. ఆ లోటు తీర్చుటకు ప్రయోగశాలలలో ముల్లు తిరుగు గడియారమువంటి డయల్ గేజీలు వచ్చినవి. 1938 ప్రాంతమున అమెరికాలో సిమన్స్, రూజ్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు వేరువేరుగా ఒక సాధనమును కనిపెట్టిరి. అది సన్నని తీగను వస్తువుపై అంటించి, తీగ సాగినప్పుడు దాని విద్యుత్ నిరోధములో వచ్చు మార్పును కొలుచునది. దానిని స్ట్రెయిన్ గేజి అందురు. నేటికిని అది ఇంజనీర్లకు కుడిచేయి. కాని అది అంటించిన చోటి వార్తయే చెప్పును. పగులు ఎచ్చట పుట్టునో ముందుగా ఎవరెఱుగుదురు? గేజికి జానెడు దూరమున పుట్టినచో గేజికి ఆ సంగతి తెలియదు. సరిగా గేజి క్రిందనే పుట్టినచో తీగయే తెగిపోవును.

ఒక్కచోటు గాక గోడ ముఖమంతయు ఒకేసారి కొలుచు ఉపాయము కావలసివచ్చినది. 1982లో అమెరికాలోని దక్షిణ కెరొలినా విశ్వవిద్యాలయమున పీటర్స్, రాన్సన్ అను పరిశోధకులు ఆ ఉపాయమును ప్రతిపాదించిరి. మఱుసటి సంవత్సరమున సటన్, ఆయన సహచరులు దాని గణితమును మెఱుగుపఱచిరి. కంప్యూటర్లు, కెమెరాలు బలపడిన కొలది ఆ ఉపాయము ప్రయోగశాల దాటి వంతెనల క్రిందికి, ఆనకట్టల ముందునకు వచ్చినది.

ఇక ఆ ఉపాయమేమన, పసులకాపరి విద్యయే. నూఱు పొడల ఆవులు మందలో కలిసియున్నను కాపరి తన ఆవును గుర్తుపట్టును. ఏ ఆవు మేనిపై ఏ మచ్చ ఏ ఆకారమున నున్నదో అతని కంటికి తెలియును. ప్రొద్దున ఈ గట్టున మేసిన ఆవు మధ్యాహ్నమున ఏ గట్టుకు పోయినదో మచ్చలను బట్టి చెప్పును. మందలోని ఆవులన్నియు మచ్చలేని తెల్లనివైనచో అతనికిని తికమకయే. సున్నము వేసిన గోడ ఆ తెల్ల ఆవుల మందవంటిది. అందుచేత పరీక్షింపవలసిన కాంక్రీటు ముఖముపై ముందుగా తెల్లరంగు పూసి, ఆపై నల్లని చుక్కలను క్రమము లేకుండ చిలుకరింతురు. క్రమము లేకుండుటయే ముఖ్యము. ముగ్గు చుక్కలవలె వరుసగా పెట్టినచో ఒకచోటికి మఱియొకచోటికి భేదము తెలియదు. చిందరవందరగా పడిన చుక్కలలో ఏ రెండుచోట్లను ఒకే పోలిక ఉండదు.

అటుపై కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండ నిలిపి, బరువు పెట్టకముందు ఒక చిత్రము, బరువు పెట్టిన తరువాత వరుసగా మఱికొన్ని చిత్రములు తీయుదురు. డిజిటల్ చిత్రమనగా చిన్న చిన్న గడుల జాలి. ప్రతి గడికిని దాని నలుపు తెలుపులనుబట్టి ఒక అంకె యుండును. సామాన్యముగా 0 అనిన కటిక నలుపు, 255 అనిన తెలుపు. కంప్యూటరు మొదటి చిత్రములోనుండి ఒక చిన్న చదరమును, ఉదాహరణకు అటు 31, ఇటు 31 గడుల తునుకను, తీసికొనును. ఆ తునుకలోని అంకెల పొందికను మనసున పెట్టుకొని, రెండవ చిత్రములో ఆ పొందిక ఎచ్చటికి పోయినదో వెదకును. పోలిక మిక్కిలి హెచ్చుగా కుదిరినచోటు ఏదో, ఆ తునుక అచ్చటికి జరిగినదని నిర్ణయించును. ఇట్లే గోడ ముఖమంతట వేలకొలది తునుకలను వెదకును. ప్రక్క ప్రక్క తునుకలు సమానముగా జరిగినచో కాంక్రీటు సాగలేదన్నమాట. ఒకటి హెచ్చుగను, ప్రక్కది తక్కువగను జరిగినచో వాని నడుమ సాగుడో, నొక్కుడో కలిగినదన్నమాట. ఆ భేదములను రంగులతో పటముగా గీసినచో, పగులు కంటికి కనబడకముందే ఏ చోట పుట్టబోవుచున్నదో ఎఱ్ఱని గీతగా తేలివచ్చును.

ఇంత సూక్ష్మము కెమెరాకు చిక్కునా అని శ్రోతలు సందేహింపవచ్చును. లెక్క కట్టి చూతము. మీటరు వెడల్పు గోడ, చిత్రములో 4000 గడులుగా పడినదనుకొందము. ఒక్కొక్క గడి గోడపై 0.25 మిల్లీమీటరు. గడికంటె చిన్న కదలికను పట్టలేనిచో ఈ పద్ధతి నిరుపయోగము. కాని చుక్క ఒక గడినుండి ప్రక్క గడిలోనికి కొంచెము జరిగినపుడు మొదటి గడి కొంత తెల్లబడును, రెండవది కొంత నల్లబడును. ఆ మార్పును లెక్కించి గడిలో ఏబదవ వంతు వఱకు కదలికను చెప్పవచ్చును. అనగా 0.005 మిల్లీమీటరు. మీటరు కాంక్రీటు పగులుటకు ముందు 0.1 మిల్లీమీటరు సాగునని పైన చెప్పితిమి. అందులో ఇరువదవ వంతును ఈ కన్ను చూడగలదు. ఆశ్చర్యకరమే గాని, గారడి కాదు, అంతయు లెక్క.

లెక్క యున్నచోట పొరపాటునకును తావుండును. ఈ పద్ధతిని పొగడి, దాని లోపములను దాచుట మా ఉద్దేశము కాదు. ఒక్క కెమెరాతో కొలుచునపుడు గోడ కెమెరా వైపునకు ఏమాత్రము జరిగినను మోసము కలుగును. కెమెరా మీటరు దూరమున నున్నదనుకొందము. గోడ 1 మిల్లీమీటరు ముందునకు వచ్చినచో చిత్రమంతయు వెయ్యింట ఒక వంతు పెద్దదగును. కంప్యూటరు దానిని కాంక్రీటు సాగుడుగా భ్రమించును. ఆ లేని సాగుడు, కాంక్రీటును పగులగొట్టు సాగుడునకు పదిరెట్లు! ఈ చిక్కును తప్పించుటకు రెండు కెమెరాలను ఏటవాలుగా నిలిపి, మన రెండు కండ్లవలె లోతును గూడ చూచు ఏర్పాటు చేసిరి.

రెండవ శత్రువు ఎండ. రాయలసీమ ఎండలో నేలమీదినుండి లేచు ఆవిరి సెగ దూరపు వస్తువులను అల్లాడించుట మనమందఱము చూచినదే. ఆ అల్లాటను కెమెరా గోడ కదలికగా లెక్కించును. అదియు గాక కాంక్రీటు తానే వేడికి పెరుగును. ఒక డిగ్రీ వేడికి పదిలక్షలలో ఇంచుమించు పది వంతులు. తెల్లవాఱుజామునకు, మధ్యాహ్నమునకు నడుమ కాంక్రీటు 20 డిగ్రీలు వేడెక్కినచో, 10 మీటర్ల దూలము 2 మిల్లీమీటర్లు పెరుగును. అది రోగము కాదు, సహజము. కావున ఉదయము తీసిన చిత్రమును మఱునాటి ఉదయపు చిత్రముతోనే పోల్చవలెను. మూడవది, ఈ కన్ను పైచర్మమును మాత్రమే చూచును. లోపలి కడ్డీ త్రుప్పును గాని, పునాది క్రింది మట్టిని గాని ఎఱుగదు. నాడి చూచుట వేఱు, కడుపులోని వ్రణమును కనుగొనుట వేఱు.

ఇన్ని జాగ్రత్తలతో ఈ పద్ధతి మన దేశమునను నెలకొన్నది. సంగారెడ్డి జిల్లా కందిలోని హైదరాబాదు ఐ.ఐ.టి. ప్రయోగశాలలలో కాంక్రీటు నమూనాలపై చుక్కలు చిలుకరించి, అవి విఱుగువఱకు బరువు పెట్టుచు చిత్రములు తీయుచున్నారు. బయట వంతెనలవద్ద ఒడ్డున కెమెరాను నిలిపి, బండి పోవునప్పుడు దూలము ఎన్ని మిల్లీమీటర్లు క్రుంగి మరల లేచినదో చూతురు. క్రుంగిన దూలము బండి పోయినపిదప యథాస్థానమునకు వచ్చినచో ఆరోగ్యము. రానిచో విచారింపవలసినది.

కదలికను కొలుచుట ఎందులకు ముఖ్యమో చెప్పుటకు తెలుగునాట ఒక్క ఉదాహరణము చాలును. గోదావరిపై మేడిగడ్డవద్ద 85 గేట్లతో, సుమారు 1.6 కిలోమీటర్ల పొడవున కట్టిన బరాజు 2019 జూన్ 21వ తేదీన ప్రారంభమైనది. 2023 అక్టోబరు 21వ తేదీన దాని 7వ బ్లాకులోని 20వ పియరు కుంగినది. పైనున్న వంతెన వంగినది. జాతీయ ఆనకట్టల భద్రతా ప్రాధికార సంస్థ నిపుణులు వచ్చి చూచి, పునాది క్రింది ఇసుక కొట్టుకొనిపోవుటను ప్రస్తావించిరి. ప్రణాళిక, రూపకల్పన, నాణ్యతా పరిశీలన, నిర్వహణ అను అన్నింటిలోను లోపములున్నవని తమ నివేదికలో చెప్పిరి. పాపము ఇసుకలో నున్నపుడు పైనుండి చూచు కెమెరా దానిని ఆపగలిగెడిదని మేమనము. కాని స్తంభము కుంగుట కదలికయే. కదలిక కొలతకు చిక్కును. కొలత చిక్కినపుడు దానిని చదివి పనిచేయు మనిషి యుండవలెను. సాధనమెంత గొప్పదైనను ఈ మూడవ మెట్టు లేనిదే మొదటి రెండును వ్యర్థము.

2021లో మన పార్లమెంటు చేసిన ఆనకట్టల భద్రతా చట్టము ఈ సంగతినే శాసించుచున్నది. పెద్ద ఆనకట్టల యజమానులు వానలకు ముందొకసారి, వానల తరువాత నొకసారి తనిఖీ చేయవలెను. కదలికలను, ఊటలను కొలుచు సాధనములుంచి, ఆ కొలతలను భద్రపఱుపవలెను.

ఈ మాటలు మిడుతూరు వారికి దూరపు మాటలు కావు. తుంగభద్ర నీటిని సుంకేసులనుండి తెచ్చు కర్నూలు–కడప కాలువ 1860ల నాటిది. దానిని మద్రాసు ఇరిగేషన్ కంపెనీ త్రవ్వించినది. 1882లో ప్రభుత్వము కొనినది. అంతటి పాత కాలువపై తూములు, వంతెనలు, గోడలు ఎన్నితరములవో ఉన్నవి. మిడుతూరు మండలములోనే అలగనూరువద్ద ఆ కాలువకు ఆసరాగా జలాశయమున్నది. దాని కట్ట మట్టికట్ట. మట్టికట్టకు చుక్కల కొలత పనికిరాదు, దానికి వేఱు సాధనములు కలవు. తూర్పున కృష్ణపై 1963 జూలైలో జవాహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీశైలము ఆనకట్ట 2009 అక్టోబరునాటి మహావరదను తన తలపై మోసినది. ఆ వరదలో కర్నూలు పట్టణము మునిగిన సంగతి ఈ ప్రాంతమున ఎవరును మఱువలేదు. ఇట్టి కట్టడముల క్రింద నివసించువారికి మిల్లీమీటరు చిన్న కొలత కాదు.

ఇల్లు గల శ్రోతలు దీనినుండి ఏమి గ్రహింపవచ్చును? ఐ.ఐ.టి.లోని రెండు కెమెరాలు మన యింటికి రావు, రానక్కఱలేదు. ఆ పద్ధతి వెనుకనున్న క్రమశిక్షణ రావచ్చును. గోడపై పగులు కనబడినచో వెంటనే సిమెంటు మెత్తి కప్పివేయకుడు. అది సాక్షిని దాచినట్లగును. పగులు రెండు కొనలవద్దను పెన్సిలుతో అడ్డగీతలు గీసి తేదీ వేయుడు. పగులుకు అటునిటు రెండు సన్నని చుక్కలు పెట్టి వాని నడిమి దూరమును స్కేలుతో కొలిచి వ్రాయుడు. చేతిలో ఫోను ఉన్నవారు నేలపై గుర్తు పెట్టుకొని, ప్రతినెల అదే చోట నిలిచి, అదే ఎత్తునుండి, ఉదయము అదే వేళకు చిత్రము తీయుడు. చిత్రములో పగులు ప్రక్కన స్కేలు ఆనించుట మఱువకుడు. స్కేలు లేని చిత్రము కొలత లేని మాటవంటిది. నల్లరేగడి నేలపై నున్నవారు కనీసము ఒక ఎండకాలము, ఒక వానకాలము ఈ లెక్క సాగింపవలెను. వేసవిని విచ్చి, వానలకు మూసికొను పగులు నేల ఊపిరితో వచ్చినది. అట్టి ఇండ్లకు చూరునీరు, తొట్టినీరు పునాది ప్రక్కన నిలువనీయకుండుటయే మొదటి మందు. రెండు ఋతువులలోను వెడల్పగుచునే యున్న పగులు మాత్రము నడచు పగులు. తలుపు బిగుసుకొనుట, స్లాబు నడిమి క్రుంగుట, పగులువెంట త్రుప్పు మరక దిగుట, పెచ్చులూడి కడ్డీ కనబడుట, వీనిలో ఏదియైనను కనబడినచో ఋతువులకై వేచియుండక ఇంజనీరును పిలువవలెను. ఆయనకు మీరు వ్రాసియుంచిన తేదీలు, కొలతలు, చిత్రములు చూపవలెను. వైద్యునికి జ్వరపు లెక్క ఎట్టిదో ఇంజనీరునకు ఇది యట్టిది.

ఆ వృద్ధ మేస్త్రికి గడుల లెక్క తెలియదు. దక్షిణ కెరొలినా పేరు ఆయన విని యుండడు. కాని కదలికను ఊహింపరాదు, కొలువవలెనని, కొలిచిన తేదీని వ్రాసిపెట్టవలెనని, ఆ కొలత చెప్పినదానిని బట్టి పిల్లల పడక మార్చవలెనని ఆయనకు తెలియును. కెమెరా ఎంత సూక్ష్మమైనను ఇంతకంటె గొప్ప వివేకమును నేర్పజాలదు. మేము సెలవు తీసికొని లేచునప్పటికి రెండవ అద్దము నిలిచియే యున్నది. "ఇంకొక ఎండకాలం పోనీ సారూ, అప్పుడు చూద్దాం" అనినాడాయన. గది తలుపు గొళ్లెము పెట్టియే యున్నది.